కొత్త జెర్రి ఎవరిది?

"నువ్వే రాయాలిరా. బండ ఎత్తింది నువ్వు."

"ఎత్తితే ఏమైంది? మామూలు జెర్రే అనుకుని వదిలేయబోయాను. ఆగమన్నది నువ్వు. రాయాల్సింది నువ్వే."

రొడోపి కొండల మీది ఆ విడిది ఇంట్లో పొద్దున్నుంచీ ఇదే గొడవ. ఓగ్న్యాన్, ల్యూబెన్ ఇద్దరూ జెర్రులు వెతుక్కుంటూ ఏటా సోఫియా నగరం నుంచి వచ్చే ముసలి ప్రొఫెసర్లు. ఈసారి కట్టెల కుప్ప పక్కన బండ కింది మట్టిలో, పసుపు దారంలా సన్నటి జెర్రి ఒకటి దొరికింది. మైక్రోస్కోపు కింద పెట్టి కాళ్ల జతలు లెక్కపెట్టారు. మోసుకొచ్చిన పుస్తకాలన్నీ తిరగేశారు. అది దేనితోనూ కలవలేదు. ఇంతవరకూ లోకంలో ఎవరూ నమోదు చెయ్యని జెర్రి. దాని వివరం ఎవరు రాసి అచ్చు వేయించాలన్నదే ఇప్పుడు తగువు.

విడిది నడిపే స్పాస్కా కూడా మైక్రోస్కోపులో చూసింది. జెర్రికి కళ్లే లేవు, అయినా అన్ని కాళ్లలో ఒక్కటీ తడబడదు. ఆమెకు భలే ముచ్చటేసింది. ఈ ముసలాళ్లను చూస్తే ఇంకా ముచ్చటేసింది. ఆమె సొంత అన్నదమ్ములు ఆక్రోటు చెట్టు కోసం మాటలు మానేశారు. వీళ్లేమో ఇంత గొప్పను నీదంటే నీదని తోసుకుంటున్నారు.

అంతలో ల్యూబెన్ సంచి సర్దడం మొదలుపెట్టాడు.

"నువ్వు రాయనంటే ఇక నీతో కొండెక్కను. ఇదే ఆఖరు."

"మంచిది. నేనూ రాను."

స్పాస్కా చిక్కుడు గింజల సూపు బల్ల మీద పెట్టి, ల్యూబెన్ చేతిలోని సంచి లాక్కుంది.

"సిగ్గుండాలి ఇద్దరికీ. మంచితనానికైనా ఓ హద్దుంటుంది. కలిసి రాయండి, పీడా పోతుంది."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి.

"ఏం, తప్పుగా అన్నానా?"

ఓగ్న్యాన్ రొట్టె తుంచుతూ గొణిగాడు. "తప్పేం లేదమ్మా. రాసినవాడు ఆ జెర్రికి ఎవరి పేరైనా పెట్టొచ్చు. తన పేరు మాత్రం పెట్టుకోకూడదు. మాలో అది మర్యాద కాదు."

"అంటే పొద్దున్నుంచీ మీ పేరు ఆయన చేత, ఆయన పేరు మీ చేత పెట్టించుకోడానికా ఈ త్యాగాలు?"

ల్యూబెన్ సిగ్గుపడుతూ తలూపాడు. స్పాస్కా పడీ పడీ నవ్వింది. ఇంత చదువుకుని పసిపిల్లల్లా ఆశపడే ఆ ఇద్దరి మీద ఆమెకు ఇష్టం మరింత పెరిగింది. చెరో గ్లాసు రకియా సారా పోసింది.

"కలిసి రాస్తే నా పేరూ ఉండదు, నీ పేరూ ఉండదు," అన్నాడు ల్యూబెన్ దిగాలుగా.

"ఉండదు. కానీ వచ్చే ఏడు నువ్వు లేకుండా నేనెక్కడికి వస్తాను? కలిసే రాద్దాం."

గ్లాసులు ఖాళీ చేసి, ఇద్దరూ ఒకేసారి తల తిప్పి ఆమె వైపు చూశారు.

"స్పాస్కమ్మా," అడిగాడు ఓగ్న్యాన్, "నీ పూర్తి పేరేమిటి?"