కామాక్షి చేసిన బ్రెడ్డు

2010 మార్చి ఏడు, ఆదివారం. ఆ పొద్దున తిన్నది అచ్యుతరావుకి ఇప్పటికీ గుర్తే. భార్య కామాక్షి చేసిన గోధుమ బ్రెడ్డు రెండు ముక్కలు, పైన వెన్న, పక్కన ఉప్పూకారం చల్లిన జామకాయ. ఆమె చేతి చివరి బ్రెడ్డు అది. మరుసటి ఆదివారానికి ఆమె లేదు.

ఇప్పుడు చలికాలం వచ్చింది. నాచారంలో పోశయ్య పిండిగిర్ని ముందు నిలబడి, తువ్వాల్లో చుట్టి తెచ్చిన బ్రెడ్డును అచ్యుతరావు తూకం పళ్ళెంలో దబ్బున పడేశాడు.

"తిను. తిని చెప్పు, ఇదేం పిండో!"

డబ్బాలు ముందు పెట్టుకుని వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తారు. పోశయ్య ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"మంచిగనే ఉంది గద సార్. బేకరీ వెడ్తున్నరా ఏంది?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అచ్యుతరావు చెవులు ఎర్రబడ్డాయి.

"వెటకారాలొద్దు! కాగితం నమిలినట్టుంది. రంగు లేదు, వాసన లేదు. అవే గోధుమలు, అదే ఓవెను, అదే ఈస్టు. ఇక తేడా ఎక్కడుంటుంది? నీ గిర్నిలోనే! ఎవరిదో పిండి నాకు కలుపుతున్నావు."

"ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు సార్. మీ గోధుమలు మీకే పట్టిచ్చిన."

ఆయన నమ్మలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయిన మనిషి, కొలతల్లో తనవల్ల తప్పు రాదు. పైగా రేపు కాప్రా నుంచి కూతురు హరిచందన వస్తోంది. మూడో నెల. మంచినీళ్ళు కూడా ఇమడటం లేదు. "అమ్మ బ్రెడ్డయితే తినగలననిపిస్తోంది నాన్నా" అని ఫోన్లో ఏడ్చింది. అప్పట్నుంచీ ఆయన చేస్తూనే ఉన్నాడు, పారేస్తూనే ఉన్నాడు.

"కామాక్షి ఎంత శుచిగా పట్టించేదో నీకేం తెలుసు? రద్దీలో వస్తే ఎవరి పిండైనా కలుస్తుందని, నువ్వు గిర్ని కట్టేసే వేళకి వచ్చేది. నన్ను రానిచ్చేదే కాదు. అప్పటికప్పుడు ఆడించిన పిండికే ప్రాణముంటుంది, తవుడు తీసేసిన ప్యాకెట్టు పిండిలో ఏముంది మట్టి అనేది. ఆ బ్రెడ్డు తిన్నన్నాళ్ళూ నా షుగరు అదుపు తప్పలేదు. పొదుపా, చెప్పనక్కర్లేదు. బస్తా గోధుమలు తెస్తే ఏడాది గడిచినా తరిగేవి కావు!"

పోశయ్య భార్య సాలమ్మ గిర్ని మూతికి కట్టిన గుడ్డ గొట్టాన్ని దులుపుతోంది. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరిది పోసేముందు అలా దులపడం అక్కడి పద్ధతి. జొన్నలు, రాగులు, శనగలు, గోధుమలు, ఎవరివైతేనేం, గొట్టంలో మిగిలిన పిండంతా కింద రేకు డబ్బాలో రాలుతుంది. అచ్యుతరావు చూపు ఆ డబ్బా మీద పడింది.

"అదిగో! ఆ దరిద్రమే నాకు కలిపింది. ఊరందరి ఇళ్ళ అడుగూబొడుగూ! కామాక్షి దాన్ని చూస్తే ఇంటికొచ్చి తలస్నానం చేసేది."

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ఎందుకా నవ్వు? రేపే మున్సిపాలిటీకి రాస్తాను. ఈ గిర్ని మూయిస్తాను!"

సాలమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు నడుముకు దోపి లేచింది.

"మూపియ్యుండ్రి! మా నోట్ల మన్ను గొట్టుండ్రి! ఇన్నేండ్లు కామాక్షక్కకు..."

"ఊకో!" పోశయ్య కసిరాడు. "అక్క నీకేమని జెప్పింది? యాదిలేదా?"

ఆమె విసురుగా ముందుకొచ్చింది. అచ్యుతరావు గోధుమలు పోసి గట్టిగా ముడేసి తెచ్చిన నీలం సంచిని ఆయన చేతిలోంచి లాక్కుంది. కామాక్షి పాత చీరతో కుట్టిన సంచి అది. మరో చేత్తో ఆయన స్టీలు డబ్బా అందుకుని మిషను వెనక్కి పోయింది. ఆ గడగడల్లో, రేగిన దుమ్ములో, ఏం చేసిందో కనిపించలేదు. వచ్చి డబ్బా ఆయన చేతుల్లో కుక్కింది.

"గీ పిండితోటి జేస్కోండ్రి. గిది గూడ మంచిగ రాకుంటే, మీరేంది మూపిచ్చేది, మేమే తాళమేస్తం!"

ఆయన దారిపొడుగునా గొణుక్కుంటూనే ఇల్లు చేరాడు. గొణుక్కుంటూనే పిండి పిసికాడు. పొంగాక ఓవెన్లో పెట్టి వరండాలో కూర్చున్నాడు. కాసేపటికి వంటింట్లోంచి వాసన వచ్చింది. "కామా..." అని పిలవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని ఆగిపోయాడు.

కోసి చూస్తే అదే రంగు, అక్కడక్కడా అవే నల్లటి చుక్కలు. కొరికితే అదే కమ్మదనం, చివర్న అదే చిరువగరు. చాలాసేపు నమిలాడు. మింగాలనిపించలేదు.

కళ్ళు తుడుచుకున్నాడో లేదో, కోపం రెండింతలైంది. బెదిరిస్తే గానీ సరిగ్గా పట్టరన్నమాట!

కూతురికని బ్రెడ్డు మీద గుడ్డ కప్పి, ఒక ముక్క పట్టుకుని గిర్నికి వెళ్ళాడు. పోశయ్య దుకాణం కట్టేస్తున్నాడు.

"చూశావా? శుభ్రంగా, ఎవరిదీ కలవకుండా పడితే ఎలా వచ్చిందో! ఇన్నాళ్ళూ మోసం చేశావు కదయ్యా!"

పోశయ్య ముక్క వైపు చూశాడు. ఆయన ఎర్రబడ్డ కళ్ళ వైపు చూశాడు.

"తప్పయింది సార్" అన్నాడు. "ఇయ్యాల్టి సంది మీరు గూడ గీ యాళ్లకే రాండ్రి. అక్క లెక్క. బిడ్డ మంచిగ తింటది."

"సరే. నా సంచి ఇటివ్వు."

"రేపిస్త సార్. మా ఇంటామె ఉతికిస్తది."

అంటూనే పోశయ్య తలుపు రెక్కలు చప్పుడు కాకుండా దగ్గరికి లాగాడు. అవి కలుసుకునే లోపు, లోపల బోర్లించిన రేకు డబ్బా, దాని మీద నీలం సంచి అచ్యుతరావుకి కనిపించాయి.

ఆయన వేసిన ముడి అలాగే ఉంది.