యాభై ఆరు సున్నాలు

"ముందు ఒక్క సంగతి తేల్చండి డాక్టరుగారూ. మావాణ్ణి చంపింది మీ క్యాప్సూళ్ళేనా, కాదా?"

కూర్చోమనకముందే బావగారు అడిగేశారు. ఆయన వెనకాల, పోయినవాడి భార్య తలుపు పట్టుకుని నిలబడింది. బడినుంచి తిన్నగా వచ్చిందేమో, వేళ్ళకి ఇంకా సుద్దపొడి ఉంది. ఒకటో తరగతి పిల్లలకి అంకెలు దిద్దించే టీచరు. భర్త పోయి పదిహేడు రోజులు. ఇంట్లో ఉంటే అత్తగారు మాట్లాడదు, ఊరికే చూస్తుంది. ఆ చూపుకన్నా బడే నయమనిపించింది ఆమెకి.

డాక్టరమ్మ ఇద్దరికీ కుర్చీలు చూపించింది.

"దూరం పరుగెత్తేవాళ్ళకి కడుపు చెడటం మామూలే. పేగులకి మేలుచేసే సూక్ష్మజీవుల్ని క్యాప్సూళ్ళలో ఇస్తే నెమ్మదిస్తుందేమో చూద్దామని ఎనభై మందిని తీసుకున్నాం. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండి. ఎవరికేది వెళ్ళిందో మొన్నటిదాకా మాకూ తెలీదు. మీ తమ్ముడికి వెళ్ళింది పిండి."

"పిండి తింటే మనిషి పోతాడా?"

"పోడు. ఆయన పేగులో పుండుంది. రెండు నెలలుగా ఉండుంటుంది. పరుగులో అది చిల్లుపడింది. ముందే తెలిస్తే బతికేవారు. తెలుసుకోడానికే ఈ పుస్తకం ఇచ్చాం."

సొరుగులోంచి సన్నటి నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టింది. అట్టకి చిల్లు పెట్టి దారం కట్టి ఉంది. ఎనిమిది వారాలూ వంటింట్లో, ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడిన పుస్తకం. అట్టనిండా పాల మరకలు.

"రోజూ పొద్దున్న నొప్పికి ఒక అంకె వెయ్యాలి. లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. నాలుగు దాటితే పరుగు ఆపించి స్కానింగ్‌కి పంపిస్తాం. పందెంలో దిగడానికిచ్చిన నంబరు కూడా వెనక్కి తీసుకుంటాం. అంత పుండున్న మనిషికి ఏడో ఎనిమిదో ఉండాలి. ఏం వేశారో చూడండి."

బావగారు పేజీలు తిప్పారు. సున్నా. సున్నా. సున్నా. గోళీల్లా గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి.

"యాభై ఆరు రోజులు, యాభై ఆరు సున్నాలు," అంది డాక్టరమ్మ. "మందు తిన్నవాళ్ళకే ఇన్ని లేవు. పిండి తిన్నాయనకి ఎలా వస్తాయి? దాచారు, అంతే. మీతో ఎప్పుడైనా అన్నారామ్మా?"

"రోజూ అనేవారండీ," అంది టీచరు. "పరుగునుంచి రాగానే, బాత్రూమ్‌లోంచి, వంటింట్లో ఉన్న నాకు వినపడేలా..."

"బ్రహ్మాండంగా ఉందనుంటాడు!" బావగారు అందుకున్నారు. "వాడి సంగతి నాకు తెలీదా? మూడో తరగతి లెక్కల్లో పదికి గుండు సున్నా వస్తే, ముందు ఒకటి గీసుకుని ఇంటికొచ్చాడు. మా నాన్న భుజాలమీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. అప్పుడు సున్నా దాచాడు, ఇప్పుడు సున్నాల వెనకాల దాచాడు. దొంగ వెధవ!"

నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. టీచరుకి మాత్రం కన్నీళ్ళు రాలేదు. పదిహేడు రోజులుగా రాలేదు. అత్తగారు అదీ కనిపెట్టింది.

"ఆయన అబద్ధమాడరు బావగారూ."

"ఎదురుగా సాక్ష్యం పెట్టుకుని ఇంకా వెనకేసుకొస్తావేంటమ్మా?" ఆయన కళ్ళు తుడుచుకుని డాక్టరమ్మ వైపు తిరిగారు. "నాలుగేళ్ళు వరసగా ముప్పయ్యో కిలోమీటరు దగ్గరే కడుపు పట్టుకుని కూలబడ్డాడండీ. స్నేహితులు వాడికి 'ముప్పై' అని పేరే పెట్టేశారు. సిగ్గుపడి బూట్లు అటకెక్కిస్తే, ఈ అమ్మాయే దింపి, బతిమాలి మీ దగ్గర చేర్పించింది. ఈసారి నలభై రెండూ పరిగెత్తి పతకం నీ మెళ్ళో వేస్తానన్నాడు ఈమెతో."

"ముప్పై నాలుగు దాకా వెళ్ళారు," అంది టీచరు. ఆ నాలుగు కిలోమీటర్లు తనకి మిగిలిన ఆస్తి అన్నట్టు, మెల్లగా అంది.

"ఈ పుస్తకం మాకివ్వండి," అన్నారు బావగారు. "పక్కనే ఉండి నీకు తెలీదా, కళ్ళు మూసుకుని కాపురం చేశావా అని మా అమ్మ ఈ పిల్లని రోజూ చూపులతో కాల్చుకుతింటోంది. ఇది చూపిస్తే ఆవిడే తల దించుకుంటుంది."

"వద్దు బావగారూ," అంది టీచరు. "అత్తయ్యకి చూపించద్దు."

"ఎందుకొద్దు? పోయినవాడి పరువు కోసం నువ్వు నింద మొయ్యాలా? తప్పు వాడిదమ్మా. నీది కాదు. ఆ మాట అమ్మ చేత అనిపిస్తాను."

టీచరు వేళ్ళకున్న సుద్దపొడి కొంగుకి తుడుచుకుంది.

"తీసుకున్నట్టు ఆమె సంతకం చేస్తే చాలు," అంది డాక్టరమ్మ, రిజిస్టరు ముందుకి జరుపుతూ. "పక్కన తారీఖు కూడా వెయ్యండమ్మా."

"స్కూటరు తీస్తుంటాను, పుస్తకం పట్టుకుని రా," అని బావగారు బయటికి వెళ్ళారు.

సంతకం ఆగి ఆగి చేసింది. తారీఖు దగ్గర ఆగలేదు. అంకెలు ఆమెకి ఊపిరంత అలవాటు. రెండు. పక్కన సున్నా. పైన మొదలుపెట్టి, ఎడమకి తిప్పి, సందు లేకుండా ముడివేసింది, పిల్లలకి నేర్పినట్టే.

డాక్టరమ్మ పుస్తకం అందించబోయి ఆగింది. మొదటి పేజీ తిప్పింది. అక్కడ ఆమె భర్త సంతకం, ఫోన్ నంబరు, కోడి గెలికినట్టున్నాయి. నంబరులో సున్నాలు మూతి పడని వంకర గీతలు. తర్వాతి పేజీ చూసింది. రిజిస్టరు చూసింది. తలెత్తి ఆమెని చూసింది.

టీచరు కళ్ళు దించుకోలేదు. పదిహేడు రోజుల తర్వాత ఆ కళ్ళలో నీళ్ళొచ్చాయి. బయట బావగారు హారన్ కొడుతున్నారు.

రెండు చోట్లా సున్నా ఒక్క చేతిదే.