సొంత దస్తూరి

"అవును అన్నచోట టిక్కు పెట్టావా?" అంది ముత్యాలు.

"పెట్టాను. పరీక్షలో కాపీ కొట్టి ఎప్పుడైనా సస్పెండ్ అయ్యారా అని అడిగాక ఇంకేం పెట్టను?" తారుమారు అనే ఆ స్నేహితురాలు కాలేజీ దరఖాస్తును మడిచి మోచేతి కింద పెట్టుకుంది. "ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వివరంగా రాసి జతచేయాలట. రేపే ఆఖరు. నాకు రాయడం రాదని నీకు తెలుసుగా. నువ్వు రాసివ్వు."

ముత్యాలు అనే పేరు ఆ పిల్ల దస్తూరిని చూసి బడి మొత్తం పెట్టింది. తారుమారు అనే పేరు మాత్రం ముత్యాలు ఒక్కతే పెట్టింది, ఒక్కతే పిలుస్తుంది. రెండో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. తొందరలో నలభై ఎనిమిదికి బదులు ఎనభై నాలుగు వేసే అలవాటు పక్కన కూర్చున్నవాళ్లకి కాక ఇంకెవరికి తెలుస్తుంది.

"లేదు అని పెట్టేస్తే పోయేదిగా. ఎప్పుడో రెండేళ్ల కిందటి మాట."

"బడి రికార్డులో ఉందిగా. అబద్ధమని తేలితే సీటు తీసేస్తారని కింద రాసి ఉంది, చూడలేదా? నువ్వూ అదే కాలేజీకి పెట్టావు."

"నాకు ఆ గడితో పనేముంది? లేదు అని పెట్టాను," అంది ముత్యాలు, ఎవరూ అడగకుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేనని ఆమెకే తెలిసిపోయింది.

ముత్యాలు వాళ్లమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. సంగతి విని తారుమారు తల నిమిరింది.

"పోనీలే తల్లీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, తెలిసీ తెలియని వయసు. ఒప్పుకుంటే సగం బరువు దిగిపోతుంది. మా పిల్ల రాసిందంటే రాయి కూడా కరగాల్సిందే. నువ్వేం బెంగపెట్టుకోకు."

"అలాగే అత్తా," అంది తారుమారు బుద్ధిగా.

అమ్మ వెళ్లిపోయింది. ముత్యాలు తేలు కుట్టిన దొంగలా పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఎలా మొదలుపెట్టను?"

"కాపీ కొట్టినదానిలా ఆలోచించి రాయి. అంతకంటే ఏముంది?"

మొదటి కాగితంలో పొరపాటు అన్న మాట మూడుసార్లు వచ్చింది. ఉండ చుట్టి పారేసింది. రెండోది సెలవు చీటీలా తయారైంది. దాన్నీ పారేసింది. మూడో కాగితం మీద మాత్రం పెన్ను ఆగలేదు. టీ మీద మీగడ కట్టింది, పేజీ నిండింది, కాగితం తిప్పి వెనకవైపు కూడా రాసింది. తారుమారు గోళ్లు గిల్లుకుంటూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

"అయిందా? చదువు."

ముత్యాలు తల ఎత్తకుండా చదివింది.

"ఆ లెక్క నాకు వచ్చు. ముందు రోజు రెండుసార్లు చేశాను. కానీ ప్రశ్నపత్రం చూడగానే తల తుడిచిన పలకలా అయిపోయింది. ఫ్యాను గాలికి పక్కమ్మాయి కాగితం అంచు పైకి లేచింది. తల తిప్పుకోవచ్చు. తిప్పుకోలేదు. ఆమె నలభై ఎనిమిదిని ఎనభై నాలుగు అని వేసింది. తప్పని కూడా చూడకుండా నేనూ అదే వేశాను. మాస్టారు రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి అడిగినప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు పెగల్లేదు. ఆ అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ వచ్చి నా పక్కనే కూర్చుంటుంది."

రెండేళ్ల కిందట ఆ రోజు మాస్టారు మాటలు వృథా చేయలేదు. మొదటి ర్యాంకు వచ్చే ముత్యాలు కాపీ ఎందుకు కొడుతుందని తారుమారు వైపు వేలు చూపించి, పదిహేను రోజులు బడికి రావద్దన్నారు. ముత్యాలు తన చెప్పులు చూసుకుంటూ నిలబడింది. "కలిసి చదివాంగా, తప్పు కూడా కలిసే వచ్చుంటుంది," అంది బయటికొచ్చాక తారుమారు. ఆ ఒక్క మాటను పట్టుకునే ముత్యాలు రెండేళ్లుగా అన్నం తింటోంది, నిద్రపోతోంది. తారుమారుకు తెలియదులే అని రోజూ అనుకుంటూనే ఉంది. సిగ్గు మాత్రం ఆ మాట నమ్మలేదు.

"ఫ్యాను సంగతి నాకు గుర్తే లేదు," అంది తారుమారు నెమ్మదిగా. "ఫ్యాను కింద కూర్చున్నది నేను కదూ?"

"ఏదో ఊహించి రాశాను."

"బాగా ఊహించావు."

ముత్యాలు కాగితాన్ని ఆమె వైపు జరిపింది. "తీసుకెళ్లి నీ చేత్తో తిరగరాసుకో."

"తిరగరాయడం ఎందుకు? కింద నీ సంతకం పెట్టు చాలు."

"నా సంతకమా? దరఖాస్తు నీది కదే."

"నాది నేను నిన్ననే రాసేశాను," అని తారుమారు మోచేతి కింది దరఖాస్తు తీసి, మడత విప్పి బల్ల మీద పరిచింది.

వివరణ గడిలో వంకరటింకర అక్షరాలతో రెండే వాక్యాలు ఉన్నాయి: "నేను కాపీ కొట్టలేదు. కొట్టిన అమ్మాయి సొంత దస్తూరితో రాసిచ్చిన ఉత్తరం జతచేస్తున్నాను."