ఉడుంపట్టు

సీటు లేవడం లేదు.

తాళం తిరుగుతోంది. లోపలి గొళ్లెం మాత్రం కదలడం లేదు. పోయిన ఫ్యూజు సీటు కింద ఉంది. కొత్త ఫ్యూజు అతని జేబులో ఉంది. మధ్యలో ఈ సీటొకటి మొండికేసి కూర్చుంది.

అతను గోదాములో రాత్రి డ్యూటీ దిగి, వీధి మలుపులో ఆగిపోయిన బండిని ఇంటిదాకా తోసుకొచ్చాడు. ఇంకా మొహమైనా కడుక్కోలేదు, ఈలోగా సూపర్‌వైజర్ ఫోను. పగలు రావాల్సిన మనిషి రాలేదట.

"వెంటనే వస్తే నువ్వే చెయ్. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తా."

"వస్తాను సార్," అన్నాడతను. ఈ వారమంతా అదే మాట అంటున్నాడు. ఒకసారి కాదంటే మళ్లీ పిలవరేమోనని భయం. నిన్న బండి మీదే కునుకు పట్టి ఎవరి ప్రహరీకో గుద్దుకున్నాడు. మోచేతికి కట్టు ఇంకా అలాగే ఉంది. "గోడ కాబట్టి సరిపోయింది, లారీ అయ్యుంటేనా!" అని నవ్వాడు. భార్య నవ్వలేదు.

వీధి చివరి మెకానిక్‌ని పరుగున వెళ్లి పిలుచుకొచ్చింది ఆవిడే. పెద్దాయన. అందరికీ బాబాయ్. ఆయనకు అప్పటికే నడుం పట్టేసి ఉంది.

"ఒకరు సీటు మీద బరువెయ్యాలి, ఒకరు తాళం తిప్పాలి," అన్నాడు బాబాయ్. "బిగువు సడలితే గొళ్లెం వదుల్తుంది."

"నేనెక్కుతా," అంది భార్య.

"పిట్టంత ఉన్నావు, నీ బరువేం చాలుతుంది?" అన్నాడు భర్త.

"మొన్నేగా లావయ్యానన్నారు!"

ఎక్కి కూర్చుంది. బాబాయ్ తాళం తిప్పాడు. రాలేదు. ఆవిణ్ణి కాస్త వెనక్కి జరగమని మళ్లీ తిప్పాడు. ఊహూఁ.

"కుర్చీ వదలని మనుషుల్ని చూశాను గానీ, బండిని వదలని సీటుని ఇప్పుడే చూడ్డం," అన్నాడు. నవ్వే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

"మీరలా మెట్టు మీద కూర్చోండి. రాగానే పిలుస్తాను. ఫోను ఇలా ఇవ్వండి, మీ సూపర్‌వైజర్ చేస్తే నేను చెప్తా," అంది భర్తతో.

"ఒక్క నిమిషం," అంటూ కూర్చున్నాడు. తల గోడకి ఆనించాడు. నిద్ర సుఖమెరగదని ఊరికే అనలేదు. చెప్పులైనా విప్పకుండా, నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

బాబాయ్ సీటు సందులోంచి నూనె పోశాడు. కాసేపు ఆగి తాళం తిప్పాడు. తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆవిడ మెట్ల వంక చూసింది. కట్టు కట్టిన చెయ్యి మోకాలి మీంచి జారి వేలాడుతోంది.

"రాలేదా బాబాయ్?" అంది నెమ్మదిగా.

ఆయన నడుం పట్టుకుని నిట్టూర్చాడు. "ఉడుంపట్టు తల్లీ ఇది. ఇంకాస్త గట్టిగా కూర్చో."

ఫోను మోగింది. మొదటి మోతకే ఎత్తింది.

"సీటు ఇంకా లేవలేదు సార్. మెకానిక్ ఇక్కడే ఉన్నాడు. నేనూ బండి మీదే ఉన్నాను. మా తంటాలు మేం పడుతూనే ఉన్నాం."

ఎండ జరిగి జరిగి బండి మీదికొచ్చింది. రెక్సిన్ కాలుతోంది. నెత్తిన తువ్వాలు వేసుకుంది గానీ దిగలేదు. బాబాయ్ కింద చతికిలబడి స్క్రూడ్రైవర్‌తో ఏదో కెలుకుతూనే ఉన్నాడు, పెద్దగా చప్పుడు లేకుండా.

"కదలని బండెక్కి ఎక్కడికే షికారు?" అంది ఎదురింటావిడ.

"ఎక్కడికీ లేదక్కా," అంది నీరసంగా.

మళ్లీ ఫోను.

"ఇంకొకర్ని పెట్టేశాను. ఇక పగలు రావద్దను. రాత్రికి మామూలుగా రమ్మను," అన్నాడు సూపర్‌వైజర్ విసుగ్గా.

"అలాగే సార్."

ఫోను ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది. మెట్టు మీద అతను పక్కకి ఒరిగి, సన్నగా గురక పెడుతున్నాడు.

"పోయిందా?" అడిగాడు బాబాయ్.

"పోయింది బాబాయ్."

"పోతే పోయిందిలే. ఇక దిగమ్మా, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి."

ఆవిడ దిగగానే, నూనె పడినప్పుడే గొళ్లెం వదిలేసిన సీటు దానంతటదే పైకి లేచింది.