గమకానికో గుర్తు

"మళ్ళీ తప్పే పాడింది నీ కంప్యూటరు!" సంగీతం టీచరైన అత్తగారు గెలిచినట్టు నవ్వారు.

స్వరాలను అక్షరాల్లో టైపు చేస్తే పాడిపెట్టే కంప్యూటరు భాషకు కోడలు, స్వరాన్ని ఊపి పలికించే గమకాల గుర్తులు చేర్చింది. అత్తగారు సరేనంటేనే అది ఆవిడ సంగీతం క్లాసు పిల్లలకు వెళుతుంది. పొద్దుటినుంచీ ఒకటే చరణంలో ఒక గమకం దగ్గర పేచీ.

"మీరు పాడిందే రాశానత్తయ్యా! మీరే పాడిన ప్రతిసారీ మార్చేస్తున్నారు."

"మార్చకపోతే పిల్లలకిక నేనెందుకే? అదే చాలుగా!"

కోడలు ఆ గమకం గుర్తు చెరిపేసింది. దాని చోట కొత్త గుర్తొకటి చేర్చి మీట నొక్కింది.

కంప్యూటరు పాడుతూ వచ్చి, సరిగ్గా ఆ గమకం దగ్గర శ్రుతి మాత్రం మోగిస్తూ ఊరుకుంది. అత్తగారు ఉండబట్టలేక తనే అందుకుని పాడేశారు.

"ఇప్పుడొచ్చింది దారికి! ఏం గుర్తే అది?"

"'అత్తగారి చిత్తం' అండీ."