మణికట్టు

మూడోసారీ పిస్తోలు ఇరుక్కుపోయింది.

ఖాళీ తూటా ఎగిరి బయట పడలేదు. పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడులో చిక్కుకుని నిటారుగా నిలబడింది.

"దిక్కుమాలిన పిస్తోలు!" అందామె.

తుపాకుల మేస్త్రీ వచ్చి, మూతి టార్గెట్ వైపే ఉంచి, మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి ఖాళీ తూటాను విదిలించాడు.

"శుభ్రంగానే ఉందమ్మా. మ్యాగజైన్‌లో స్ప్రింగు కూడా నిన్ననే మార్చాను. ఇంకొక్క అవకాశమే ఉంది. కాసేపు కూర్చుని రా."

భర్త పోయాక, బ్యాంకులో ఆయన చేసిన గార్డు ఉద్యోగం ఆమెకిస్తామన్నారు. ఈ పరీక్ష పాసైతేనే. తప్పితే, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని వదిన ముభావాన్ని భరిస్తూ అన్న ఇంట్లో పడుండాలి.

వెనక బెంచీ మీద కూలబడింది.

ఆ చివర ఒకతను ఇందాకటి నుంచీ ఆమె చేతులనే గమనిస్తున్నాడు.

"దాన్ని తిట్టకండక్కా. పాపం, తిరిగి తిట్టలేదు."

"ఎవరండీ మీరు? నా అవస్థ చూడ్డానికి సరదాగా ఉందా?"

"దాని తప్పు లేదంటున్నా. పేలగానే స్లైడు పూర్తిగా వెనక్కి పోవాలి. అప్పుడే ఖాళీది బయటపడి కొత్త తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మీ మణికట్టు వదులైపోతోంది."

"బెంచీ మీద కూర్చుని ఎవరైనా చెబుతారు!"

"అదీ నిజమే." నవ్వాడతను. "మేకు దిగాలంటే గోడ గట్టిగా ఉండాలి కదా. స్లైడుకి మీ చెయ్యే గోడ. చప్పుడంటే భయమా?"

ఆమె తలూపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మొదట్లో నాకూ భయమే. మనకి చప్పుడు వినిపించేసరికే తూటా వెళ్ళిపోయి ఉంటుంది. ఇక భయపడి ఏం లాభం? ఏదీ, పిస్తోలు పట్టుకున్నట్టు చేతులు చాపండి. నేను తోస్తాను. వంగనివ్వకండి."

ఆమె పిడికిళ్ళ మీద అరచెయ్యి ఆనించి తోశాడు. వంగిపోయాయి.

"మళ్ళీ."

వంగాయి.

"అబ్బే, నన్ను మీ వదిననుకోండి!"

ఆమెకు నవ్వొచ్చింది. "మా వదిన సంగతి మీకెలా తెలుసు?"

"మేస్త్రీతో చెప్పుకుంటుంటే విన్నాలెండి."

ఈసారి చేతులు వంగలేదు.

"ఇదీ పట్టు. ఇలాగే వెళ్ళండి."

మేస్త్రీ పిలిచాడు.

మొదటి తూటా పేలింది. ఖాళీది ఎగిరి నేల మీద గలగలమంది. ఆ వెంటే రెండోది. ఆమె కళ్ళు మూయలేదు. ఆఖరి తూటా కూడా అయిపోయి, స్లైడు తెరుచుకునే నిలబడింది.

"పాసయ్యావమ్మా!"

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్నతను ఏడీ? ఊరికే కసురుకున్నాను. ఒక్క మాట చెప్పాలి."

మేస్త్రీ పిస్తోలు అందుకుని, మ్యాగజైన్ బయటికి తీశాడు.

"మీ ఆయన పోయినప్పటి నుంచీ ఆ బ్యాంకు గుమ్మంలో టెంపరరీగా కాపలా కాస్తున్నది అతనేనమ్మా, నువ్వీ పరీక్ష తప్పితే ఆ ఉద్యోగం అతనికే ఖాయం చేస్తామన్నారు."