వానకోయిల ఎండాకాలపు నిద్ర

కొలనులోని పెద్దలంతా కలిసి ఒక విజ్ఞాన సభ పెట్టుకున్నారు. దానికి తాబేలు అధ్యక్షుడు, నారాయణపక్షి కార్యదర్శి. ఒక చలికాలం పొద్దున కిందటి సమావేశం మినిట్స్ చదివి, అందరూ సరేనన్నాక, తాబేలు తన వ్యాసం చదివింది.

"వానకోయిల ఎండాకాలంలో ఆకాశంలో ఎక్కడా కనబడదు. కాబట్టి అది బురదలో దూరి నిద్రపోతుంది. వయసులో ఉన్నప్పుడు నేనూ అలాగే పడుకునేవాణ్ణి."

కప్పలు చప్పట్లు కొట్టాయి. రెల్లుదుబ్బు మీద కూర్చున్న వానకోయిల ఉండబట్టలేకపోయింది.

"అయ్యా, నిద్రా లేదు, పాడూ లేదు. ఎండలు ముదరగానే మేం కొండలు దాటి చల్లటి చోటికి ఎగిరిపోతాం."

"సభ్యులు కానివాళ్లు మాట్లాడకూడదమ్మా," అంది నారాయణపక్షి.

"అయితే నన్నూ చేర్చుకోండి."

"దానికేం భాగ్యం! ఎండాకాలం సమావేశానికి వచ్చి సంతకం పెట్టు, చాలు."

"అప్పుడు నేనిక్కడే ఉంటే, ఎగిరిపోతామని ఇక చెప్పడానికేముంది?"

"రూలంటే రూలే," అంది తాబేలు.

ఎండాకాలం వచ్చింది. సభ కూడింది. నారాయణపక్షి మూడుసార్లు పేరు పిలిచి, మినిట్స్‌లో రాసుకుంది: "వానకోయిల రాలేదు. ఇంకా నిద్ర లేవలేదు. అధ్యక్షులవారి వ్యాసం రుజువైంది."